పెద్దలకు మాత్రమే... పిల్లాపాపలతో రండి!

మాసూళ్ళు పూర్తయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో కుటుంబమంతా కలిసి సినిమాకు వెళ్ళడం మన గోదావరి పల్లెల్లో ఈనాటి అలవాటు కాదు. పూర్వం ఎడ్లబండి కట్టుకుని వెళ్ళేవారు, ఇప్పుడు ఆటో మాట్లాడుకుని వెళుతున్నారు. తేడా అంతే.

ఆమధ్య మా వీధి చివర ఉండే కౌలురైతు ఒకాయన తల్లిని, భార్యను, ఇద్దరు పిల్లలను ఆటో ఎక్కించి మండల కేంద్రంలో మొదటి ఆటకు తీసుకువచ్చాడు. అదే ఆటకు నేనూ వెళ్ళాను. ఒక పెద్ద హీరోగారి చిత్రం. గేటు దగ్గర టిక్కెట్లు చించే కుర్రాడు పిల్లలిద్దరినీ చూసి, "బాబాయిగారూ, ఇది ఏ బొమ్మండి. చిన్నపిల్లల్ని పంపకూడదండి" అన్నాడు. ఆయన నివ్వెరపోయి, "ఏ బొమ్మేమిట్రా అబ్బాయ్? గోడమీద వేశారు కదా, ఆ బొమ్మే!" అన్నాడు. వెనుక నిలబడ్డవాళ్ళు గొల్లున నవ్వారు. కుర్రాడూ నవ్వేశాడు. అందరూ లోపలికి వెళ్ళారు.

అరగంట గడిచేసరికి తెరమీద తలలు తెగిపడటం మొదలైంది. ఎనిమిదేళ్ళ పిల్ల నాయనమ్మ ఒడిలో ముఖం దాచుకుని ఏడుపు లంకించుకుంది. ఆ ముసలమ్మ పిల్లను తీసుకుని బయటకు వచ్చి, ఆట వదిలేదాకా సోడాల కొట్టు ముందు బల్లమీద కూర్చుంది. ఐదు టిక్కెట్లు తెగాయి, చూసింది ముగ్గురు. వసూళ్ళ లెక్కలో మాత్రం ఐదుగురూ ఉన్నారు.

ఆ హాలువారిని తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. జిల్లాలో ఏ మండలంలో చూసినా దాదాపు ఇదే తంతు. అయితే సెన్సారువారు ఇచ్చే అక్షరానికీ, సినిమా తెచ్చే డబ్బుకూ మధ్య ఉన్న సంబంధం ఏమిటన్నది ఆ సోడాల కొట్టు దగ్గర బాగా కనిపిస్తుంది.

తెల్లకాగితం కథ

సినిమా ఆరంభంలో తెరమీద ఒక తెల్లకాగితం పడుతుంది. చిన్నతనంలో నేల టిక్కెట్టులో కూర్చున్న మేమందరం ఆ కాగితంమీద రీళ్ళు ఎన్ని అని మాత్రమే వెతికేవాళ్ళం. పదహారు రీళ్ళు ఉంటే ఈలలు, పన్నెండే ఉంటే నిట్టూర్పులు. అదే కాగితంమీద ఉన్న ఇంగ్లీషు అక్షరం గురించి అడిగినవాడు లేడు, చెప్పినవాడూ లేడు.

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అందరూ చూడదగిన చిత్రానికి 'యు', పద్దెనిమిదేళ్ళు నిండినవారు మాత్రమే చూడవలసిన దానికి 'ఏ' అని ఇచ్చేవారు. చాలాకాలం ఈ రెండే ఉండేవి. 1983లో వీటి నడుమ 'యుఏ' వచ్చి చేరింది. వైద్యుల వంటి ప్రత్యేక వర్గాలవారి కోసం 'ఎస్' అని ఇంకొకటి పెట్టారుగాని దానితో మనకు పని లేదు. సెన్సారు బోర్డు పేరును సర్టిఫికేషన్ బోర్డుగా మార్చింది కూడా ఆ సంవత్సరమే. పేరు మారి నలభై ఏళ్ళు దాటినా జనం నోట అది సెన్సారే.

2023లో చట్టాన్ని సవరించి 'యుఏ'ని మూడు ముక్కలు చేశారు. ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని అంకెలు పెట్టారు. ఇక్కడొక కిటుకు ఉంది. ఈ అంకెలు తల్లిదండ్రులకు ఇచ్చే సలహా మాత్రమే, వాటిని అమలుపరిచే అధికారం వారికి తప్ప వేరెవరికీ లేదని చట్టమే చెబుతోంది. కనుక 'యుఏ 16' చిత్రానికి తల్లి ఆరేళ్ళ పిల్లను చంకనేసుకుని వచ్చినా హాలువారు ఆపడానికి వీల్లేదు. ఇంకొక్క మెట్టెక్కి 'ఏ' అయిందా, పదిహేడేళ్ళ కుర్రవాడిని తండ్రి వెంటబెట్టుకుని వచ్చినా లోపలికి పంపకూడదు. పంపితే హాలు యజమాని చట్టం ముందు జవాబు చెప్పుకోవాలి.

అందుచేత డబ్బుకు సంబంధించినంతవరకు ఏడు, పదమూడు, పదహారు అనే తేడాలు నామమాత్రం. అసలు గీత 'యుఏ 16'కూ 'ఏ'కూ నడుమ ఉంది. నిర్మాతలు, సెన్సారువారు బేరమాడుకునేది ఆ గీత దగ్గరే.

ఐదు టిక్కెట్ల లెక్క

బేరం ఎందుకో మన పల్లెవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పట్నంలో కాలేజీ కుర్రవాడు ఒక్కడే వెళతాడు, నచ్చితే మళ్ళీ వెళతాడు. మన దగ్గర సినిమాకు బయలుదేరేది ఇల్లు. టిక్కెట్టు నూట యాభై అనుకుంటే ఐదుగురికి ఏడువందల యాభై. పిల్లను రానివ్వరు అన్నారంటే తల్లి ఆగిపోతుంది, తల్లి లేనిదే అత్తగారు రాదు, వాళ్ళెవరూ లేకుండా తాను ఒక్కడూ వెళ్ళి కూర్చోవడం ఇంటాయనకు నామోషీ. ఒక్క పిల్లను ఆపితే ఐదు టిక్కెట్లు పోతాయి. 'ఏ' అక్షరం అంటే నిర్మాతలు భయపడేది ఆ పిల్ల టిక్కెట్టు కోసం కాదు, ఆ పిల్లతోపాటు వెనక్కు తిరిగే ఆటో కోసం.

ఇంటిల్లిపాదీ కదిలితే ఏమవుతుందో తెలుగు సినిమాకు మొదటినుంచీ తెలుసు. 1963లో 'లవకుశ' వచ్చినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు బండ్లు కట్టుకుని వెళ్ళిన సంగతి మన పెద్దలు నేటికీ చెబుతారు. 1980లో 'శంకరాభరణం' విడుదలైన మొదటి రోజుల్లో హాళ్ళు వెలవెలబోయాయి. తర్వాత చూసినవారు చూడనివారికి చెప్పి, ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళడంతో అది నెలల తరబడి ఆడింది. ప్రపంచమంతటా కలిపి లెక్కిస్తే వసూళ్ళలో మన దేశపు చిత్రాలన్నిటికీ పైన ఉన్న 'దంగల్' (2016) 'యు' చిత్రమే. చైనా ప్రేక్షకులు కూడా పిల్లలతో సహా చూడబట్టే దానికి అంత డబ్బు వచ్చింది. దాని తర్వాత చెప్పుకోవలసిన 'బాహుబలి 2' (2017) మన దగ్గర 'యుఏ'. (అదే చిత్రానికి సింగపూరువారు పదహారేళ్ళలోపు వారిని రానివ్వలేదు. తెగిన తల ఒకటే, కొలిచే బద్దలు వేరు.)

ఇక్కడితో ఆగితే 'ఏ' వస్తే నష్టం, 'యు' వస్తే లాభం అని తేల్చేయవచ్చు. కాని లెక్క అంత సాఫీగా లేదు. వరంగల్లు నుంచి వచ్చిన దర్శకుడు సందీప్ రెడ్డి వంగా 'అర్జున్ రెడ్డి' (2017), దాని హిందీ రూపమైన 'కబీర్ సింగ్' (2019), ఆపైన 'యానిమల్' (2023) తీశాడు. మూడూ 'ఏ' చిత్రాలే, మూడూ డబ్బు చేసుకున్నాయి. 'యానిమల్' వసూళ్ళు తొమ్మిది వందల కోట్లు దాటాయని లెక్క. ప్రభాస్ నటించిన 'సలార్' (2023) కూడా 'ఏ' పుచ్చుకునే వందల కోట్లు తెచ్చింది.

వీటిని చూపించి, 'ఏ అయితే ఏమిటి, దమ్ముంటే ఆడుతుంది' అనేవాళ్ళు ఉన్నారు. ఆడిన వాటిని వేళ్ళమీద లెక్కపెట్టడం తేలికే. అదే అక్షరంతో వచ్చి వారం తిరగకుండా డబ్బాల్లోకి వెళ్ళిపోయిన వాటిని ఎవరు లెక్కపెట్టారు? ఆ మాటకు వస్తే 'యు' అని బోర్డు కట్టుకుని ఈగలు తోలుకున్నవీ బోలెడు. పైగా పెద్ద పెట్టుబడి పెట్టినవాడు ఇంటిల్లిపాదినీ రప్పించాలని ముందే 'యుఏ'కు సరిపడేలా తీసుకుంటాడు. వసూళ్ళ జాబితా పైభాగంలో 'యుఏ'లు ఎక్కువగా ఉండటానికి ఆ అక్షరం మహిమ కొంతయితే, దాని వెనుక ఉన్న పెట్టుబడి, హీరో, వేలకొద్దీ హాళ్ళు మరికొంత. అక్షరమే సినిమాను ఆడించదు, చంపదు కూడా. ఆ అక్షరం కోసం ఎవరు ఏమి వదులుకుంటున్నారు అన్నది చూడాలి.

అలా వదులుకున్నవారి సంగతికి పక్కనున్న తమిళనాడే సాక్ష్యం. అక్కడ తమిళ పేరు పెట్టిన చిత్రాలకు వినోదపు పన్ను మినహాయింపు ఉండేది. 2011లో ప్రభుత్వంవారు దానికి 'యు' సర్టిఫికెట్టు కూడా ఉండాలన్నారు. అప్పటినుంచి 2017లో జీఎస్టీ వచ్చేవరకు అక్కడ ఒక్క అక్షరం తేడాతో పన్ను పడటమో మిగలడమో జరిగేది. దానితో కత్తిరింపులకు నిర్మాతలు తామే ముందుకొచ్చేవారు. డబ్బు మిగులుతుందంటే కత్తెర అంత చేదేమీ కాదన్నమాట.

'ఏ'ను ఎరగా వాడుకున్న రోజులూ ఉన్నాయి. 1980లలో మన పట్టణాల్లో పొద్దుటి ఆటకు వేసే మళయాళ డబ్బింగు చిత్రాల పోస్టర్లమీద ఆ అక్షరం హీరోయిన్ ముఖంకన్నా పెద్దదిగా ఉండేది. అప్పుడు దాన్ని దాచాలని ఎవరికీ తోచలేదు. 'అర్జున్ రెడ్డి' సమయంలో హైదరాబాదులో ఒక సీనియర్ నాయకుడు ఆర్టీసీ బస్సుమీది ముద్దు పోస్టరును చించివేశారు. ఆ దెబ్బకు ఆ పోస్టరు చూడనివారికి కూడా సినిమా సంగతి తెలిసిపోయింది.

కోర్టు మెట్లు

సెన్సారు అక్షరం కోసం కోర్టుకు వెళ్ళినవారిలో ఇద్దరి సంగతి పక్కపక్కన పెట్టి చూడవచ్చు. రచయిత, దర్శకుడు కె.ఎ. అబ్బాస్ నాలుగు నగరాల్లో ధనికుల బతుకూ పేదల బతుకూ ఎలా ఉన్నాయో చూపుతూ ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. అందులో బొంబాయి వేశ్యావాటిక దృశ్యాలు కొన్ని ఉన్నందున సెన్సారువారు 'ఏ' అన్నారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. విచారణ నడుస్తుండగా ప్రభుత్వం దిగివచ్చి, కత్తిరింపులు లేకుండానే 'యు' ఇస్తామన్నది. అయినా ఆయన వదలక, అసలు ముందుగా సెన్సారు చేయడమే సరికాదని వాదించారు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆధ్వర్యంలోని ధర్మాసనం సెన్సారు ఉండవచ్చునని, వయసునుబట్టి చిత్రాలను విడదీయడం తప్పు కాదని తీర్పు చెప్పింది. అబ్బాస్ ఓడిపోయారు. కాని ఆయన పోరాడింది టిక్కెట్ల కోసం కాదు.

2025 ఆగస్టులో రజనీకాంత్ 'కూలీ' వచ్చింది. మన నాగార్జున ప్రతినాయకుడు కావడంతో తెలుగునాట కూడా దానికోసం ఎదురుచూశారు. సెన్సారువారు 'ఏ' ఇచ్చారు. విడుదలయ్యాక నిర్మాతలు మద్రాసు హైకోర్టుకు వెళ్ళి, ఇంతకన్నా హింస ఉన్న చిత్రాలకు 'యుఏ' ఇచ్చారు, పిల్లలను ఆపడంవల్ల కుటుంబాలు రావడం లేదు, మాకూ 'యుఏ' ఇప్పించండి అన్నారు. కొన్ని దృశ్యాలు తీసేస్తే 'యుఏ' ఇస్తామని ముందే చెప్పాం, వద్దని 'ఏ'తోనే విడుదల చేసుకున్నారు అని బోర్డు తరఫు వాదన. కోర్టు నిర్మాతల పిటిషన్ కొట్టివేసింది.

ఇతర చిత్రాలకు ఒక న్యాయం, మాకు ఒక న్యాయమా అన్న ప్రశ్నలో కొంత పస లేకపోలేదు. బోర్డువారి కొలతలు చిత్రానికొక రకంగా ఉంటాయన్న మాట ఎప్పటినుంచో ఉంది. కాని కత్తిరింపులు వద్దు, కుటుంబాలు మాత్రం కావాలి అంటే ఎలా? అమ్ముకునేటప్పుడు పుల్లమామిడి, తూకానికి రసాలు అన్నట్టుంది.

అమెరికావారు ఈ చిక్కును ఇంకోలా విప్పుకున్నారు. అక్కడ 'ఆర్' అనే తరగతి చిత్రానికి పదిహేడేళ్ళలోపు వారు తల్లితోనో తండ్రితోనో వస్తే రానిస్తారు. అందువల్ల 2024లో 'డెడ్‌పూల్ అండ్ వోల్వరిన్' ఆ ముద్రతోనే నూట ముప్పై కోట్ల డాలర్లు దాటింది. అలాగని ఆ పద్ధతి మనమూ తెచ్చుకుందామంటే నేను ఒప్పుకోను. మా వీధి కౌలురైతు పిల్లలను కూడా తండ్రే కదా తీసుకువెళ్ళింది!

గేటు దగ్గర తేలే సంగతి

నగరాల్లో మల్టీప్లెక్సులు 'ఏ' చిత్రానికి వయసు రుజువు అడుగుతున్నాయి. ఆధార్ కార్డు చూపించలేక వెనుదిరిగిన కుటుంబాలు ఉన్నాయి. అక్కడ నిర్మాతకు నష్టమే. మన మండల కేంద్రాల్లో ఎవరూ అడగరు. ఇక్కడ 'ఏ' అన్నా 'యు' అన్నా ఐదు టిక్కెట్లూ తెగుతాయి. ఈ సంగతి సినిమా వ్యాపారం చేసేవారికి తెలియనిది కాదు. కత్తిరించకుండా 'ఏ' పుచ్చుకోవడానికి ధైర్యం కొంత ఇక్కడినుంచే వస్తున్నదని నా అనుమానం. పట్నంలో గేటు దగ్గర పోయిన డబ్బును పల్లెలో గేటు దగ్గర పూడ్చుకుంటున్నారు. పూడుస్తున్నది ఆ ఎనిమిదేళ్ళ పిల్ల.

హాలు యజమానిని దోషిని చేయడం తేలిక. ఆయన ఇబ్బంది కూడా చూడాలి. పట్నంలో ఒకే కప్పు కింద ఆరేడు తెరలు ఉంటాయి. ఒక చిత్రానికి పిల్లలను రానివ్వకపోతే పక్క తెరమీద ఇంకొకటి ఉంటుంది. మండలంలో ఉన్నది ఒక్క హాలు. పండుగ పదిరోజులూ ఆయనకు పంపిణీదారు ఇచ్చింది 'ఏ' బొమ్మ అయితే ఆ పదిరోజులూ ఊరందరికీ అదే బొమ్మ. పిల్లలను ఆపితే వాళ్ళకు పండుగ సినిమా లేనట్టే. కరెంటు బిల్లు, జీతాలు, పంపిణీదారుకు కట్టవలసింది పోను ఏడాది మొత్తంమీద ఆయనకు నాలుగు రూకలు మిగిలేది పండుగలకే. పెళ్ళిమండపాలుగా, గోదాములుగా మారిపోయిన హాళ్ళు ఆయన కళ్ళముందే ఉన్నాయి.

ఇంట్లో ఫోనులో పిల్లలు అంతకన్నా ఘోరాలు చూస్తున్నారు, హాల్లో ఆపి ఏం లాభం అని మరికొందరి వాదన. నిజమే, హాల్లో ఆడిన 'ఏ' చిత్రం నెల, రెండు నెలలు తిరిగేసరికి ఫోనులోకి వస్తోంది. కాని ఫోనును తల్లి లాక్కోగలదు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొని, వరుస మధ్యలో కూర్చున్నాక, చీకట్లో ఆ చప్పుళ్ళ మధ్య నుంచి పిల్లను పట్టుకుని ఇరవైమంది మోకాళ్ళు తప్పించుకుని బయటకు రావడం వేరు. వచ్చాక టిక్కెట్టు డబ్బు వెనక్కు ఇచ్చేవారూ లేరు.

అసలు మన కుటుంబాలకు ముందుగా తెలిస్తే ఎందరు తీసుకువెళతారు? మా వీధి ఆయనకు తెలియదు. గోడమీద పోస్టరులో హీరోగారి కత్తి ఉంది, నెత్తురు చుక్కలు ఉన్నాయి, 'ఏ' మాత్రం అణా బిళ్ళంత సైజులో మూలన ఉంది. ఆ మూలమీద 'రోజూ 4 ఆటలు' అని హాలువారు వేరే చీటీ అంటించారు. ఆటోకు మైకు కట్టి ఊరూరా తిప్పినవాడు, "అశేష ప్రేక్షకులారా, మీ కుటుంబ సమేతంగా విచ్చేసి" అన్నాడే తప్ప పద్దెనిమిదేళ్ళ మాట ఎత్తలేదు. చట్టం అడిగినట్టు అక్షరం వేశారు. చదువుకోని ముసలమ్మకు ఆ ఇంగ్లీషు అక్షరం ఏమి చెబుతుంది?

నేను అడిగేది చిత్రాన్ని నిషేధించమనీ కాదు, ఇంకా కత్తిరించమనీ కాదు. పెద్దలకోసం తీసినదాన్ని పెద్దలు చూడవచ్చు. అందులో మంచి చిత్రాలూ ఉన్నాయి. గోడమీద 'పద్దెనిమిదేళ్ళు నిండినవారికే' అని తెలుగులో, హీరోగారి పేరంత అక్షరాలతో వేయించాలి. మైకులో ఆ ఒక్క ముక్క చెప్పించాలి. తాసిల్దారువారు హాలు లైసెన్సు కాగితాలు చూసేటప్పుడు అగ్నిమాపక సామగ్రితోపాటు ఇదీ చూస్తే బాగుంటుంది. పండుగ రోజుల్లో 'ఏ' చిత్రం ఆడే హాలుకు పొద్దుటి ఆటగా ఒక 'యు' చిత్రం, పాతదైనా సరే, పంపిణీదారులు ఇవ్వగలిగితే పిల్లలకూ పండుగ ఉంటుంది, హాలుకు నాలుగు టిక్కెట్లు అదనంగా తెగుతాయి.

మొన్న మళ్ళీ ఆ హాలు మీదుగా వెళుతూ గేటు కుర్రాడిని పలకరించాను. "ఆ రోజు ఆపావు కదా తమ్ముడూ, మళ్ళీ ఎందుకు వదిలేశావు?" అంటే, "టిక్కెట్టు కొన్నాక గేటు దగ్గర ఆపితే కొట్టడానికి వస్తారండి. బుకింగులోనే చెప్పేస్తే గొడవ ఉండదండి" అన్నాడు. బుకింగు కిటికీ పైన టిక్కెట్ల రేట్ల బోర్డు వేలాడుతోంది. దాని పక్కన జానెడు అట్టముక్క కట్టడానికి ఒక మేకు ఖాళీగానే ఉంది.